పాత తెలుగు సినిమాల కాపీహక్కుల నిర్ధారణ

పాత తెలుగు సినిమాల కాపీహక్కుల నిర్ధారణ అనగా ఒక పాత చలనచిత్రంపై కాపీహక్కు ఇంకా అమలులో ఉన్నదా, ఉన్నచో అది ఎవరికి చెందినది, ఎప్పటితో ముగుస్తుంది అనే విషయాలను చట్టం, చారిత్రక ఆధారాల సహాయంతో తేల్చడం. భారతదేశంలో ఒక సినిమాపై కాపీహక్కు ఆ సినిమా విడుదలైన సంవత్సరం తరువాతి జనవరి 1 నుండి 60 సంవత్సరాల పాటు ఉంటుంది. ఆ తరువాత సినిమా సార్వజనికం, అనగా పబ్లిక్ డొమెయిన్, అవుతుంది. చూడడానికి ఇది సులభమైన కూడిక వలె కనిపించినా, ఒక సినిమాలో కథ, మాటలు, పాటలు, సంగీతం, శబ్దగ్రహణం వంటి అనేక కృతులు ఇమిడి ఉంటాయి. వీటిలో చాలా వాటికి సినిమాతో సంబంధం లేని సొంత గడువు ఉంటుంది. అందువలన "ఈ సినిమాకు కాపీహక్కు ఉన్నదా?" అనే ప్రశ్నకు తరచు ఒకే సమాధానం ఉండదు.

నేపథ్యం

హైదరాబాదులో పంజాగుట్ట నుండి అమీర్‌పేట, ఎల్లారెడ్డిగూడల వైపు వెళ్ళే ప్రాంతం తెలుగు సినిమా చరిత్రలో ముఖ్యమైనది. మద్రాసులో స్థిరపడిన తెలుగు చిత్ర పరిశ్రమ హైదరాబాదు వైపు చూడడం ప్రారంభించిన 1950ల ద్వితీయార్ధంలో అమీర్‌పేటలో శ్రీ సారథి స్టూడియోస్ వెలిసింది. 1959లో గుత్తా రామినీడు దర్శకత్వంలో వచ్చిన మా ఇంటి మహాలక్ష్మి ఇక్కడే నిర్మితమైనది. పూర్తిగా హైదరాబాదులో చిత్రీకరించిన తొలి తెలుగు చిత్రంగా దానిని పేర్కొంటారు.

సారథి పేరు అంతకు ముందే తెలుగు ప్రేక్షకులకు సుపరిచితం. చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాద్ అండతో గూడవల్లి రామబ్రహ్మం సారథి ఫిలింస్ పతాకంపై మాలపిల్ల (1938), రైతుబిడ్డ (1939) చిత్రాలను నిర్మించి, దర్శకత్వం వహించాడు. అదే పతాకంపై తాపీ చాణక్య దర్శకత్వంలో రోజులు మారాయి (1955) వచ్చింది. హైదరాబాదు స్టూడియో ఏర్పడిన తరువాత శ్రీ సారథి స్టూడియోస్ పేరుతో తాపీ చాణక్య దర్శకత్వంలోనే కలసివుంటే కలదు సుఖం (1961) విడుదలైనది. ఈ చిత్రాలు వరుసగా చట్టంలోని వేర్వేరు దశలలో వచ్చినవి కావడం వలన, కాపీహక్కుల లెక్కను అర్థం చేసుకొనడానికి ఇవి చక్కని ఉదాహరణలు.

చట్టాలు

బ్రిటిషు పార్లమెంటు చేసిన 1911 నాటి కాపీహక్కుల చట్టం, కొన్ని మార్పులతో 1914 భారత కాపీహక్కుల చట్టం ద్వారా ఇక్కడ అమలయినది. ఆ చట్టంలో సినిమా అనే ప్రత్యేక తరగతి లేదు. సినిమాను కొంతవరకు నాటక కృతిగాను, కొంతవరకు ఛాయాచిత్రాల వరుసగాను పరిగణించేవారు.

స్వతంత్ర భారతదేశం చేసిన కాపీహక్కుల చట్టం, 1957 పాత చట్టాన్ని రద్దు చేస్తూ 1958 జనవరి 21 నుండి అమలులోకి వచ్చింది. చలనచిత్రాన్ని ఒక ప్రత్యేక కృతిగా ఈ చట్టం గుర్తించింది. దీనిలోని 26వ సెక్షను సినిమా కాపీహక్కుకు మొదట 50 సంవత్సరాల గడువు నిర్ణయించింది. పాత చట్టం క్రింద అప్పటికే హక్కు ఉన్న కృతులకు ఆ హక్కు కొనసాగుతుందని, హక్కు లేని కృతులకు కొత్త చట్టం వలన హక్కు పుట్టదని 79వ సెక్షను తెలుపుతుంది. 1958కి ముందు విడుదలైన సినిమాలను ఏ తరగతిలో చేర్చాలన్న విషయంలో న్యాయపరమైన వాదనకు కొంత తావు ఉన్నప్పటికీ, వాటి గడువును కూడా విడుదల సంవత్సరం నుండే లెక్కించడం వాడుకలో ఉన్నది.

తరువాతి మార్పు రవీంద్రనాథ్ ఠాగూర్ రచనల కారణంగా వచ్చింది. ఠాగూర్ 1941లో మరణించడం వలన ఆయన రచనలపై హక్కులు 1991 డిసెంబరు 31తో ముగియవలసి ఉన్నది. వాటిని కాపాడే ఉద్దేశంతో గడువును 50 నుండి 60 సంవత్సరాలకు పెంచారు. 1992లో చేసిన ఈ సవరణ 1991 డిసెంబరు 28 నుండి అమలయినట్లుగా పరిగణింపబడింది. రచనలతో పాటు సినిమాలకు, శబ్ద ముద్రణలకు కూడా ఈ పెంపు వర్తించింది. అయితే అప్పటికే గడువు ముగిసిన కృతుల హక్కు తిరిగి ప్రాణం పోసుకోలేదు.

2012 సవరణ సినిమా గడువును మార్చలేదు. ముఖ్య దర్శకుడిని నిర్మాతతో పాటు సహకర్తగా గుర్తించాలన్న ప్రతిపాదన 2010లో ప్రవేశపెట్టిన బిల్లులో ఉన్నా, చివరి చట్టంలో దానికి చోటు దక్కలేదు. భారతీయ చట్టం దృష్టిలో సినిమాకు కర్త నిర్మాతే. కావున మాయాబజార్ దర్శకుడు కె.వి.రెడ్డి 1972లో మరణించాడన్న విషయానికి ఆ సినిమా గడువుతో సంబంధం లేదు. దర్శకుని మరణ సంవత్సరం నుండి లెక్కించడం ఐరోపా దేశాల పద్ధతి. ఈ రెండింటిని కలపడం వలన పొరబాటు లెక్కలు వస్తుంటాయి.

కాలపరిమితి లెక్కింపు

పై సవరణల వలన తెలుగు సినిమాలు రెండు భాగాలుగా విడిపోతాయి.

1940, అంతకు ముందు విడుదలైనవి: వీటికి 50 సంవత్సరాల గడువే వర్తించింది. 1940లో విడుదలైన సినిమా హక్కు 1990 డిసెంబరు 31తో ముగిసింది. ఏడాది తరువాత వచ్చిన సవరణ దానికి ఉపయోగపడలేదు.

1941, ఆ తరువాత విడుదలైనవి: 1941 నాటి సినిమాల హక్కు 1991 డిసెంబరు 31న ముగియవలసి ఉండగా, మూడు రోజుల ముందు నుండి సవరణ అమలులోకి వచ్చినందున వాటికి మరి పదేళ్ళు కలిసి వచ్చాయి. అక్కడి నుండి అన్ని సినిమాలకూ 60 సంవత్సరాలే.

రెండవ భాగంలోని సినిమాకు విడుదల సంవత్సరానికి 61 కలిపితే, ఆ సంఖ్య తెలిపే సంవత్సరపు జనవరి 1న సినిమా సార్వజనికం అవుతుంది. కొన్ని ప్రసిద్ధ చిత్రాల విషయంలో భారతదేశంలో సినిమాపై హక్కు ముగిసిన తేదీలు ఇలా ఉన్నాయి.

- మాలపిల్ల (1938) – 1988 డిసెంబరు 31
- రైతుబిడ్డ (1939) – 1989 డిసెంబరు 31
- పాతాళభైరవి (1951) – 2011 డిసెంబరు 31
- దేవదాసు (1953) – 2013 డిసెంబరు 31
- రోజులు మారాయి (1955) – 2015 డిసెంబరు 31
- మాయాబజార్ (1957) – 2017 డిసెంబరు 31
- మా ఇంటి మహాలక్ష్మి (1959) – 2019 డిసెంబరు 31
- కలసివుంటే కలదు సుఖం (1961) – 2021 డిసెంబరు 31
- లవకుశ (1963) – 2023 డిసెంబరు 31

ఈ తేదీలు సినిమా అనే కృతికి మాత్రమే వర్తిస్తాయి. అందులోని కథ, మాటలు, పాటల సంగతి క్రింద చూడవచ్చు.

విడుదల సంవత్సరం

లెక్క అంతా విడుదల సంవత్సరం మీద ఆధారపడి ఉన్నందున మొదట దానిని ఆధారాలతో స్థిరపరచుకోవాలి. సినిమా నిర్మాణం మొదలైన సంవత్సరం గాని, సెన్సారు అయిన సంవత్సరం గాని ఇక్కడ పనికిరావు. లవకుశ నిర్మాణం 1958లో మొదలై, డబ్బు ఇబ్బందుల వలన మధ్యలో ఆగిపోయింది. సి.పుల్లయ్య ప్రారంభించిన చిత్రాన్ని ఆయన కుమారుడు సి.ఎస్.రావు పూర్తి చేయగా 1963 మార్చి 29న విడుదలైనది. దాని గడువును 1963 నుండి లెక్కించాలి.

తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద విషయం మరొక ఉదాహరణ. హెచ్.ఎం.రెడ్డి దర్శకత్వం వహించిన ఈ చిత్రం 1931 సెప్టెంబరు 15న విడుదలైనదని చాలాకాలం పాటు పుస్తకాలలో వ్రాస్తూ వచ్చారు. పాత్రికేయుడు, పరిశోధకుడు రెంటాల జయదేవ ఆనాటి పత్రికలను, సెన్సారు వివరాలను పరిశీలించి, ఆ చిత్రానికి 1932 జనవరి 22న సెన్సారు ధ్రువపత్రం లభించిందని, ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైనదని నిరూపించాడు. ఒక్క సంవత్సరం తేడా వలన ఈ చిత్రపు హక్కు ముగిసిన సంవత్సరం కూడా 1981 నుండి 1982కు మారుతుంది. నేడు ఆ తేడాకు ఆచరణలో విలువ లేకపోయినా, పుస్తకం నుండి పుస్తకానికి ఎక్కిన తేదీని నమ్మి లెక్క వేయరాదని ఈ ఉదాహరణ తెలుపుతున్నది. డిసెంబరులో సెన్సారై జనవరిలో విడుదలైన సినిమాల విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం.

విడుదల తేదీకి సాధారణంగా ఆధారపడదగినవి ఆనాటి దినపత్రికలలోని సినిమా ప్రకటనలు, సమీక్షలు, పాటల పుస్తకాలు, సెన్సారు వివరాలు. అసలు విడుదలే కాని సినిమాకు ఈ గడువు ప్రారంభం కాదు.

సినిమాలో ఇమిడిన ఇతర కృతులు

సినిమాపై ఉన్న హక్కు, ఆ సినిమాకు ఆధారమైన కృతులపై గల ప్రత్యేక హక్కులకు భంగం కలిగించదని చట్టంలోని 13వ సెక్షను తెలుపుతుంది. రచనలు, సంగీతం, చిత్రలేఖనం వంటి వాటి గడువు కర్త మరణించిన తరువాతి జనవరి 1 నుండి 60 సంవత్సరాలు. అనగా సినిమాను విడుదల నుండి, కథను రచయిత మరణం నుండి లెక్కించాలి. రచయిత తన హక్కును నిర్మాతకు అమ్మివేసినా లెక్కించే పద్ధతి మారదు.

మాలపిల్ల

ఈ చిత్రానికి కథ గుడిపాటి వెంకటచలం, మాటలు తాపీ ధర్మారావు వ్రాశారు. బసవరాజు అప్పారావు గీతాలను కూడా ఇందులో వాడుకున్నారు. సినిమాపై హక్కు 1988తోనే ముగిసింది. అప్పారావు 1933లో మరణించినందున ఆయన గీతాలు 1983తోనే సార్వజనికం అయ్యాయి. ధర్మారావు 1973లో మరణించాడు కావున ఆయన మాటలపై హక్కు 2033 డిసెంబరు 31 వరకు, చలం 1979లో మరణించాడు కావున కథపై హక్కు 2039 డిసెంబరు 31 వరకు ఉంటుంది. సినిమా సార్వజనికం అయినదని తలచి ఆ కథతో కొత్తగా సినిమా తీయబూనిన వారికి, లేదా సంభాషణలను పుస్తకంగా అచ్చు వేయదలచిన వారికి అనుమతి అవసరమవుతుంది.

దేవదాసు

ఇక్కడ పరిస్థితి తలక్రిందులుగా ఉన్నది. మూల నవలా రచయిత శరత్‌చంద్ర 1938లో మరణించినందున ఆయన నవలపై హక్కు 1988తో ముగిసింది. ఎవరైనా ఆ నవలను అనువదించవచ్చు, సినిమాగా తీయవచ్చు. కాని 1953 నాటి తెలుగు చిత్రంలోని మాటలు సముద్రాల రాఘవాచార్యవి. ఆయన 1968లో మరణించాడు. కావున మూల కథ స్వేచ్ఛగా లభిస్తున్నా, సముద్రాల వ్రాసిన సంభాషణలు 2028 డిసెంబరు 31 వరకు రక్షణలో ఉంటాయి.

మాయాబజార్

సినిమాపై హక్కు 2017తో ముగిసినా, మాటలు, పాటలు వ్రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో మరణించినందున ఆయన రచనపై హక్కు 2031 వరకు ఉంటుంది. సంగీత దర్శకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు 1974లో మరణించాడు కనుక ఆయన బాణీల గడువు 2034తో ముగుస్తుంది. ఈ చిత్రంలోని కొన్ని పాటల బాణీలు సాలూరు రాజేశ్వరరావు సమకూర్చినవని సినీ చరిత్రకారులు పేర్కొంటారు. ఆయన 1999లో మరణించాడు కనుక ఆ బాణీల గడువు 2059 వరకు సాగుతుంది. ఒకే సినిమాలోని పాటలకు ఇరవై ఐదేళ్ళ తేడాతో గడువులు ఉండడం గమనార్హం. శశిరేఖా పరిణయం వృత్తాంతం మాత్రం జనసామాన్యానిది. దానిపై ఎవరికీ హక్కు లేదు.

రీమేకులు

ఒక సినిమా మరొక భాషా చిత్రానికి రీమేకు అయినచో మరొక పొర చేరుతుంది. కలసివుంటే కలదు సుఖం తమిళంలో వచ్చిన భాగ పిరివినై (1959) ఆధారంగా తీసినది. ఇట్టి చిత్రాల కథను తిరిగి వాడుకొనదలచినపుడు మూల కథా రచయిత వరకు వెళ్ళి చూడవలసి ఉంటుంది. రోజులు మారాయి విషయంలో ప్రయాణం ఎదురు దిశలో జరిగింది. అది తమిళంలో కాలం మారిపోచ్చు (1956) అయినది. రెండు భాషల చిత్రాలు రెండు వేర్వేరు కృతులు. వాటి గడువులు కూడా వేర్వేరు.

గ్రామఫోను రికార్డులు, పోస్టర్లు, పేర్లు

గ్రామఫోను రికార్డుపై వచ్చిన పాట చట్టం దృష్టిలో సినిమాకు వేరైన శబ్ద ముద్రణ. దాని గడువు ఆ రికార్డు విడుదలైన సంవత్సరం నుండి 60 ఏళ్ళు. దాని హక్కు సాధారణంగా ఒప్పందం ప్రకారం రికార్డు కంపెనీకి చెందుతుంది. చిత్రకారుడు గీసిన పోస్టరు కళాకృతి కనుక దాని గడువు చిత్రకారుని మరణం నుండి లెక్కకు వస్తుంది. ఛాయాచిత్రాలకు ప్రచురణ నుండి గడువు లెక్కించే 25వ సెక్షనును 2012 సవరణలో తొలగించారు.

సినిమా పేరుపై కాపీహక్కు ఉండదు. ఈ సంగతిని సుప్రీంకోర్టు 2015లో కృషికా లుల్లా కేసులో స్పష్టం చేసింది. 2006లో దేవదాసు, మాయాబజార్ అనే పేర్లతోనే కొత్త తెలుగు చిత్రాలు వచ్చాయి. ఫిలిం ఛాంబరులో పేర్లు నమోదు చేయించుకొనడం పరిశ్రమ లోపలి కట్టుబాటు మాత్రమే.

హక్కుదారు ఎవరు

గడువు ఇంకా ముగియని సినిమా విషయంలో అనుమతి ఎవరిని అడగాలి అన్నది రెండవ ప్రశ్న. సినిమా తీయడానికి చొరవ, బాధ్యత వహించిన నిర్మాత మొదటి హక్కుదారు. నిర్మాత డబ్బు ఇచ్చి సినిమా కోసం చేయించుకున్న సంగీతం, సాహిత్యం విషయంలో కూడా, వేరే ఒప్పందం లేనిచో, నిర్మాతే మొదటి హక్కుదారు అని సుప్రీంకోర్టు 1977లో ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ కేసులో తీర్పు ఇచ్చింది. 2012 సవరణ సినిమాహాలు వెలుపల జరిగే వాడకంపై గీత రచయితలకు, సంగీత దర్శకులకు రాయల్టీలో విడదీయరాని వాటా కల్పించింది.

మొదటి నిర్మాత నుండి నేటి హక్కుదారు వరకు గల గొలుసులోని ప్రతి లింకుకు లిఖిత పత్రం ఉండాలి. హక్కు బదిలీ వ్రాతపూర్వకంగా జరగాలని 19వ సెక్షను నిర్దేశిస్తుంది. పాత తెలుగు చిత్రాలలో ఈ గొలుసు పలు చోట్ల తెగి కనిపిస్తుంది. నిర్మాణ సంస్థలలో అనేకం భాగస్వామ్య సంస్థలు. ఒకటి రెండు చిత్రాలతోనే మూతపడినవి ఉన్నాయి. భాగస్వాములు మరణించగా వారసుల మధ్య పంపకం జరిగినా, సినిమా హక్కుల ప్రస్తావన లేకుండా పోయిన సందర్భాలు ఉంటాయి.

పరిశ్రమ వాడుకలోని మాటలు కూడా కొన్ని చిక్కులు తెస్తాయి. "నెగటివ్ హక్కులు" అనే మాట తరచు వినిపిస్తుంది. ఫైనాన్షియరు అప్పుకు హామీగా నెగటివును ఉంచుకొనడం, తరువాత అది చేతులు మారడం పరిపాటి. కాని నెగటివు డబ్బా చేతిలో ఉన్నంత మాత్రాన కాపీహక్కు సంక్రమించదు. ఆ పత్రంలో ఏ హక్కులు బదిలీ అయ్యాయో చదివి చూడాలి. నైజాం, సీడెడ్, ఆంధ్ర ప్రాంతాల వారీగా పంపిణీదారులకు ఇచ్చినవి నిర్ణీత కాలానికి ప్రదర్శన హక్కులే. 1990లలో ఉపగ్రహ టీవీ ఛానళ్ళు వచ్చిన తరువాత పాత సినిమాల శాటిలైట్ హక్కులకు గిరాకీ పెరిగి, 99 సంవత్సరాల ఒప్పందాలు కూడా కుదిరాయి. ఒప్పందంలో ఎన్ని ఏళ్ళు వ్రాసుకున్నా, చట్టం ఇచ్చిన గడువు ముగియగానే అమ్మిన హక్కు కూడా ముగుస్తుంది.

అదే విధంగా స్టూడియో పేరు హక్కుదారు పేరు కానవసరం లేదు. అమీర్‌పేట సారథి స్టూడియోలో తీసిన చిత్రాలలో ఆ సంస్థ సొంత చిత్రాలూ ఉన్నాయి, అద్దెకు తీసుకుని ఇతర నిర్మాతలు తీసినవీ ఉన్నాయి. టైటిల్సులో "స్టూడియో" అని కనిపించిన పేరుకు, "సమర్పణ" అని కనిపించిన పేరుకు, "నిర్మాత" అని కనిపించిన పేరుకు తేడా గుర్తించాలి.

ఢిల్లీలోని కాపీహక్కుల కార్యాలయంలో కృతులను నమోదు చేయించుకునే వీలు ఉన్నది. అయితే నమోదు తప్పనిసరి కాదు. నమోదు లేనంత మాత్రాన హక్కు లేదని భావించరాదు. నమోదు ఉన్నచో అది కోర్టులో ప్రాథమిక సాక్ష్యంగా చెల్లుతుంది. సెన్సారు ధ్రువపత్రంలో ఉన్న పేరు ఒక ఆచూకీ మాత్రమే. యూట్యూబు వంటి చోట్ల ఒక సంస్థ సినిమా తనదని చూపడం కూడా చట్టపరమైన నిర్ధారణ కాదు.

మాయాబజార్ రంగుల రూపం

హక్కుల గొలుసు ఎంత ముఖ్యమో మాయాబజార్ చరిత్ర చూపుతుంది. నాగిరెడ్డి, చక్రపాణిల విజయా సంస్థ నిర్మించిన ఈ నలుపు తెలుపు చిత్రాన్ని హైదరాబాదు నగరానికి చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ సంస్థ రంగులలోకి మార్చింది. ఆ సంస్థ 2007లో మాయాబజార్‌తో సహా పలు తెలుగు చిత్రాల నెగటివ్ హక్కులను కొనుగోలు చేసింది. రంగుల మాయాబజార్ 2010 జనవరి 30న విడుదలై ప్రేక్షకుల ఆదరణ పొందినది. అప్పటికి మూల చిత్రంపై కాపీహక్కు ముగియడానికి ఇంకా ఏడేళ్ళు పైగా ఉన్నందున హక్కుల కొనుగోలు తప్పనిసరి అయినది.

మిగిలిన చిత్రాలు అదే బాటలో వస్తాయని ఆశించినా, ఆ పని ముందుకు సాగలేదు. అనేక పాత చిత్రాల హక్కులు టీవీ సంస్థలకు, పంపిణీదారులకు మధ్య చీలిపోయి ఉండడం అందుకు ఒక కారణంగా నిలిచింది. మాయాబజార్ మూల చిత్రం 2018 జనవరి 1న సార్వజనికం అయినది. రంగుల రూపానికి, కొత్తగా చేర్చిన శబ్ద మిశ్రమానికి వేరే హక్కు కోరే అవకాశం ఉన్నది కనుక, స్వేచ్ఛగా వాడుకొనదలచిన వారు 1957 నాటి నలుపు తెలుపు రూపాన్నే ఎంచుకోవడం సురక్షితం.

విదేశాలలో

కాపీహక్కు దేశాన్ని బట్టి మారుతుంది. భారతదేశంలో సార్వజనికమైన సినిమా అమెరికాలో కూడా అలా అయినట్లు కాదు. అమెరికా చట్టం ప్రకారం 1996 జనవరి 1 నాటికి స్వదేశంలో కాపీహక్కు కలిగి ఉన్న విదేశీ కృతులకు అక్కడ హక్కు పునరుద్ధరింపబడింది. పాత సినిమాల విషయంలో ఆ గడువు విడుదల నుండి 95 సంవత్సరాలు. ఆ తేదీ నాటికి 1940, అంతకు ముందు వచ్చిన భారతీయ చిత్రాల హక్కు ఇక్కడే ముగిసిపోయింది. 1941 నుండి వచ్చిన చిత్రాల హక్కు అమలులో ఉన్నది. ఆ లెక్కన మాలపిల్ల, రైతుబిడ్డ చిత్రాలకు అమెరికాలో రక్షణ లేదు. రోజులు మారాయి 2050 డిసెంబరు 31 వరకు, మాయాబజార్ 2052 డిసెంబరు 31 వరకు అక్కడ రక్షణలో ఉంటాయి. అమెరికాలో తెలుగు సంఘాల వారు పాత సినిమా ప్రదర్శించదలచినపుడు ఈ తేడాను గమనించవలసి ఉంటుంది.

హక్కు ముగిసిన తరువాత

కాపీహక్కు ముగియడంతో సినిమా చేతికి వచ్చినట్లు కాదు. హక్కు లేకపోవడం వేరు, ప్రింటు ఉండడం వేరు. ప్రింటు లేదా నెగటివు కలిగినవారు దానిని ఇతరులకు ఇచ్చి తీరాలన్న నిబంధన చట్టంలో లేదు. 1950ల తొలినాళ్ళ వరకు వాడిన నైట్రేట్ ఫిల్ము సులభంగా అంటుకునే గుణం కలది, కాలక్రమంలో పొడిగా రాలిపోయేది. ఫిల్ములోని వెండి కోసం పాత ప్రింట్లను కరిగించడం కూడా జరిగింది. జాతీయ ఫిలిం భాండాగారం పూణేలో 1964లో గాని ఏర్పడలేదు. అప్పటికి తొలి టాకీలలో అనేకం నశించాయి. భక్త ప్రహ్లాద పై ఎవరికీ హక్కు లేదు, కాని చూడడానికి ఆ చిత్రమే మిగలలేదు.

గడువు ముగియని కాలంలో హక్కుదారు తెలియని సినిమాలకు ఈ ప్రమాదం ఎక్కువ. అనుమతి ఇచ్చేవారు లేక, అనుమతి లేకుండా ప్రతి తీసే ధైర్యం ఎవరికీ లేక ప్రింటు డబ్బాలోనే పాడైపోతుంది. కాపీహక్కు ఉల్లంఘనకు ఆరు నెలల నుండి మూడేళ్ళ వరకు జైలుశిక్ష, 50 వేల నుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానా విధించే వీలు ఉండడమే ఈ వెనుకంజకు కారణం. కర్త మరణించి లేదా ఆచూకీ తెలియక ప్రజలకు అందకుండా పోయిన కృతులకు లైసెన్సు కోరే మార్గాన్ని 31ఎ సెక్షను కల్పించింది. ముందుగా పత్రికా ప్రకటన ఇవ్వడం, నిర్ణయించిన రాయల్టీని జమ చేయడం అందులోని ముఖ్య షరతులు. కావున హక్కుల నిర్ధారణ వ్యాపార అవసరం మాత్రమే కాదు. సకాలంలో జరిగినచో అది ఒక సినిమా మిగలడానికి కూడా తోడ్పడుతుంది.

నిర్ధారణ క్రమం

ఒక పాత సినిమా స్థితిని తేల్చడానికి క్రింది క్రమం ఉపకరిస్తుంది.

1. విడుదల సంవత్సరాన్ని ఆనాటి పత్రికల ద్వారా స్థిరపరచాలి.
2. 1940 వరకు విడుదలైనదైతే 50, ఆ తరువాతిదైతే 60 సంవత్సరాలు లెక్కించాలి. లెక్క తరువాతి జనవరి 1 నుండి మొదలవుతుంది.
3. టైటిల్సు నుండి కథ, మాటలు, పాటలు, సంగీతం సమకూర్చిన వారి పేర్లు వ్రాసుకుని, ఒక్కొక్కరి మరణ సంవత్సరం చూడాలి. జీవించి ఉన్నవారి కృతులు రక్షణలో ఉన్నట్లే.
4. చేయదలచిన పని ఏమిటో నిర్ణయించుకోవాలి. సినిమాను ప్రదర్శించడం, పాటను తిరిగి పాడించడం, కథను మళ్ళీ తీయడం, పోస్టరు అచ్చు వేయడం వేర్వేరు హక్కుల క్రిందికి వస్తాయి.
5. గడువు మిగిలి ఉన్నచో నిర్మాత నుండి నేటి వరకు గల బదిలీ పత్రాలను వరుసగా పరిశీలించాలి.
6. విదేశాలలో వాడుకొనదలచినచో ఆ దేశపు చట్టాన్ని విడిగా చూడాలి.

అనుమతి అవసరం లేని సందర్భాలు

కాపీహక్కు అమలులో ఉన్న సినిమాను సైతం కొన్ని పనులకు అనుమతి లేకుండా వాడుకొనవచ్చునని 52వ సెక్షను తెలుపుతుంది. విమర్శ, సమీక్షల కొరకు తగుమాత్రంగా ఉదహరించడం, సొంత పరిశోధన కొరకు వాడుకోవడం వీటిలో ముఖ్యమైనవి. విద్యాసంస్థ తన కార్యక్రమాలలో భాగంగా విద్యార్థులు, వారి తల్లిదండ్రులు, సిబ్బంది వంటి వారికి మాత్రమే సినిమా చూపడం కూడా ఈ మినహాయింపు క్రిందికి వస్తుంది. టిక్కెట్టు పెట్టి బయటివారికి చూపినచో ఈ మినహాయింపు వర్తించదు.

ఇవి కూడా చూడండి

- కాపీహక్కు
- సారథి స్టూడియోస్
- మాలపిల్ల
- మాయాబజార్
- భక్త ప్రహ్లాద (1932 సినిమా)
- తెలుగు సినిమా చరిత్ర